పన్నెండిళ్ళ సముద్రం

వర్జ్యం మూడూ పన్నెండుకు గాని పోదు, ఇప్పుడు రెండు దాటి అయిదు నిమిషాలు, అంటే గంటా ఏడు నిమిషాలు ఈ మగ్గం పక్కన, ఈ గోడకు ఒరిగి, ఈ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి అనుకున్నాడు రామలింగం. గంటా ఏడు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం తన యాభై ఏళ్ళ బతుకులో ఇదే మొదటిసారి అని కూడా అనుకున్నాడు. వరంగల్ బజారులో జంపఖానాలు అమ్మే రామలింగం నోరు మూస్తే ఆ రోజు ఏదో బందు అనుకుంటారు జనం. కొనేవాడైనా, బేరమాడి పోయేవాడైనా, ఊరికే దారిన పోయేవాడైనా ఆ దుకాణం ముందు ఒక మాట విని పళ్ళికిలించి కదలాల్సిందే. జంపఖాన, దవాఖాన, జేల్‌ఖాన, ఈ మూడు ఖానాల్లో మనిషిని పైసలు తీస్కొని సుఖంగా పండుకోనిచ్చేది మా ఖాన ఒక్కటే అని ఇరవై ఏళ్ళుగా అంటున్నాడు, అన్న ప్రతిసారీ తానే ముందు నవ్వుతున్నాడు. ఇవాళ నాలుగున్నర బండికి భార్య కమలను హైదరాబాదు దవాఖానకు తీసుకుపోవాలి. ఆ ఖానాల మాట పొద్దున్నుంచీ నాలుక మీదికి వస్తూనే ఉంది, వచ్చి, తెలియని వాళ్ళింటికి వచ్చిన చుట్టంలా గుమ్మంలోనే నిలబడి, వెనక్కి పోతోంది.

గుంటమగ్గంలో నడుము దాకా దిగి కూర్చున్న ఎల్లస్వామి పంజాతో పేక దారాన్ని కొడుతున్నాడు, ఆ ఇనుప పళ్ళ పంజా దిగినప్పుడల్లా టక్కున ఒక చప్పుడు, తర్వాత దారం జరిగే సన్నని గరగర, మళ్ళీ టక్కు. కొత్తవాడలో ఈ చప్పుడు వినిపించని ఇల్లు లేదు గాని ఇవాళ వాడంతా మేడారం జాతరకు బండ్లు కట్టుకుని పోయింది, నేసేవాళ్ళలో ఎల్లస్వామి ఒక్కడే మిగిలాడు, ఆర్డరు ఉందట. అందుకే చప్పుడు ఒంటరిగా, పెద్దగా, గోడ గడియారం లేని ఇంట్లో గడియారంలా ఉంది. ఇందాక కమల అన్న మాట దాని మీద పడి మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. టాంగా మాట్లాడి, ట్రంకు సర్ది, పక్కింటి రాజక్కను సాయం పిలిచి, అన్నీ చేసి ఇక లేవాలి అన్నప్పుడు ఆమె గడప మీద కూర్చుండిపోయింది. గట్టిగా కాదు, ఏడుస్తూ కాదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. "ఒక పైనం కట్టినంక అది ఇడువకుంట ఇంకో పైనం పోతరా ఎవ్వలన్న? మూట తీస్కరాండ్రి. తెచ్చి లోపట పెట్టి, చుక్కకు పోతలేమని మీ నోటితోని అనుండ్రి. అప్పుడు లేస్త." రాజక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రామలింగం ఏదో అనబోయి, దగ్గి, పంచాంగం తీసి, వర్జ్యం ఉంది, వర్జ్యంలో మూటను ఇంటికి తేకూడదు, అంతసేపు అక్కడే కూర్చుని వస్తానని ఇల్లు దాటాడు. పంచాంగాన్ని ఇంత ప్రేమగా అతను ఎన్నడూ చూడలేదు.

చుక్క. ఎవరైనా వింటే ఏమనుకుంటారు. కల్లు చుక్కా, ఆకాశంలో చుక్కా అని అతనే మొదట ఎకసెక్కాలాడాడు గదా. అసలు సంగతి చుట్టాల దగ్గర మొదలైంది. పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళలో కమల ఏ ఊరు పోయినా చుట్టాల ఇంటికే పోయింది. పరకాల పోతే అక్కడ ఆడపడుచు, వచ్చిందే చాలని కొంగు బిగించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టేది. మరిపెడ పోతే మేనత్త కొడుకు పెళ్ళి, రెండు వందల ఆకులకు వడ్డన. తిరుపతి పోయినా మొత్తం పన్నెండు మంది, సత్రంలో పులిహోర కలిపింది ఆమె, కొండ మీద దేవుణ్ణి చూసింది మిగతా పదకొండు మంది. పిల్లలు లేని ఇల్లు అని చుట్టాలకు ఇంకా చనువు, ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరికి పురుడొచ్చినా కమలను పంపించు అనేవాళ్ళు, బిందెనో పెద్ద గిన్నెనో అడిగినట్టు. పోయిన దసరాకు నెల ముందు ఊళ్ళో డాక్టరుకు చూపించి వచ్చిన సాయంత్రం ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని, దూలాన్ని చూస్తూ, మంచిగైనంక నన్నొక ఊరికి తీసుకపోవాలె అంది, ఏ ఊరు అంటే, మనోళ్ళు ఎవ్వలు లేని ఊరు అంది.

అప్పుడు తీశాడు అట్లాసు. నైజాం కాలంలో బడి మూసి పోతూ ఒక పంతులు జంపఖానాకు బదులు ఇచ్చిపోయిన పుస్తకం, అట్ట ఊడి, మూలలు చెదలు కొరికి, అయినా సముద్రాలు మాత్రం నీలంగానే ఉన్నాయి. ఆమె పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించాడు. బొంబాయి? పెదనాన్న మనవడున్నడు, ధాన్యం దుకాణం. కాశీ? మీ మేనమామ కాలం చేసిండు గని ఆయన పెద్దకొడుకు ఆడనే. రంగూన్? అక్కడికి పోయి తిరిగిరాని చిన్నాయన ఎక్కడున్నాడో, ఉంటే తప్పకుండా ఇంటికి పిలుస్తాడు. సింగపూర్ అంటే రాజక్క తమ్ముని బావమరిది. వేలు భూమి మీద నడిచినంతసేపూ చుట్టాలు వెంటబడుతూనే ఉన్నారు, వేలు సముద్రంలో దిగింది, ఆస్ట్రేలియా దాటింది, నీలం మీద ఇంకా నడిచి నడిచి, కాగితం తూర్పు అంచు దిగి, పడమటి అంచులో మళ్ళీ ఎక్కి, పేరు అచ్చువేయడానికి చోటు చాలక పక్కన గీత గీసి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసిన ఒక చుక్క దగ్గర ఆగింది. ఈడ? అని కమల అడిగింది. ఈడ ఎవ్వలు లేరు అన్నాడు. ఎట్ల చదువుతరు ఆ పేరు? నాకు రాదు అన్నాడు. అయితే చుక్క అనుకుందాం అంది, అని, చాలా రోజుల తర్వాత పక్కకు ఒత్తిగిల్లి పడుకుంది. పేరు చదవరాని ఊరు, పిలవడానికి మనుషులు లేని ఊరు. ఆమెకు అంతకంటే ఏం కావాలి.

టక్కు. గరగర. టక్కు. ఎల్లస్వామి తల ఎత్తకుండానే మంచినీళ్ళు కావాల్నా సేటూ అన్నాడు, వద్దని తల అడ్డంగా ఊపాడు రామలింగం, ఊపాక గుర్తొచ్చింది, తల ఎత్తని మనిషికి తల ఊపితే ఏం తెలుస్తుందని, అయినా ఎల్లస్వామికి తెలిసింది, మళ్ళీ అడగలేదు. తెలిసిన వాళ్ళకు ఎన్ని తెలుస్తాయో.

ఆ తర్వాత రోజూ అదే ముచ్చట. దుకాణం మూసి వచ్చాక అన్నం తింటూ చుక్క గురించి మాట్లాడుకోవడం. అది ఏ సముద్రం అంటే పసిఫిక్ అన్నాడు. అంటే? అంటే పసిపిల్లకు ఎంత ఫికరుంటదో గంత ఫికరు, పసిఫికరు, రాను రాను పసిఫిక్ అయింది అన్నాడు. ఆమె అన్నం పళ్ళెం పక్కన పెట్టి నవ్వింది, నవ్వితే కడుపులో నొప్పి వస్తుంది గనుక చేత్తో పట్టుకుని నవ్వింది. దాని పక్క రాజ్యం పేరు టోంగా అని తెలిసిన రోజు అతనికి పండుగే అయింది. ఇంటి ముందర టాంగా ఎక్కి, టోంగాలో దిగుదాం, టాంగా అతనికి ఏడికన్నా అంటే టోంగా అని చెప్దాం, ముసలి యాకయ్య గుర్రాన్ని చెరువు దిక్కు తోలుకపోతాడు. ఆ మాటను ప్రయాణం రోజు అనడానికి దాచిపెట్టుకున్నాడు, పెళ్ళికి కొన్న చీర దాచినట్టు. ఆమెవి మాత్రం అసలైన ఫికర్లు. అక్కడ చింతపండు దొరుకుతదా. నీళ్ళు ఉప్పగ ఉంటె పప్పు ఉడుకుతదా. చేపలు తినేటోళ్ళ నడుమ మన పొయ్యి ఏడ పెట్టుకోవాలె. బతుకమ్మకు పూలు ఏడ తెస్త, తెచ్చినా ఒక్కదాన్ని చుట్టూ ఎట్ల తిరుగుత. నేను చప్పట్లు కొడత అన్నాడు. మీరు తాళం తప్పుతరు అంది. ఎన్ని రోజులు ఉందాం అని అతను అడిగితే చాలాసేపు ఆలోచించి పదకొండు అంది. ఎందుకు పదకొండు? పది దినాలు నేను పండుకుంట, పదకొండోనాడు సముద్రం చూస్త.

బొంబాయిలో ఓడల కంపెనీకి కార్డు కూడా రాశాడు, ఇంగ్లీషు వచ్చిన గుమాస్తాతో రాయించాడు. జవాబు వచ్చింది, రెండు వాక్యాలు, ఆ దిక్కుకు మేము ఓడలు నడపము, చింతిస్తున్నాము. గుమాస్తా అర్థం చెప్పాక దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి పోయి, కమల ముందు నిలబడి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఇంగ్లీషు వచ్చినట్టే గడగడా చదివాడు. పదిహేను రోజులకో ఓడ, పైన డెక్కులో గాలి బాగుంటుంది, వానలెక్కువ గనుక ఛత్రీ తెచ్చుకోవలెను. ఆమె ఉత్తరం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, బియ్యం డబ్బా కింద దాచింది. మర్నాడే ఛత్రీ దులిపి కమ్మీలకూ కొసకూ నూనె రాసింది.

ఆ ఛత్రీ కొస ఇప్పుడు మూటలోంచి బయటికి పొడుచుకొచ్చి అతని మోచేతికి తగులుతోంది. మూట అంటే వేరే గుడ్డ లేదు, జంపఖానాయే మూట. ఇసుకలో పరుచుకోవడానికి జంపఖానా కావాలంది ఆమె, కొనడం దేనికి దుకాణం నిండా ఉన్నాయి అంటే, అట్లకాదు, నీలం కావాలె, అంతా నీలమే, అండ్ల జర పక్కకు ఒక చుక్క కావాలె అంది. ఎల్లస్వామి వినగానే పంజా కింద పెట్టేశాడు. చారలు లేవు, అంచు లేదు, పూలు లేవు, ఒంటి నీలంలో ఒక్క మట్టిరంగు చుక్క, అదీ సరిగ్గా నడుమ గూడా కాదు, సేటూ, అమ్మబోతే మచ్చ అనుకుంటరు, నా పేరు పోతది అన్నాడు. అప్పుడు కమల టాంగా కట్టించుకుని తానే వచ్చింది ఈ కొట్టంలోకి, అప్పటికింకా నాలుగడుగులు నడిచేది. మగ్గం మీద సగం నేసిన నీలాన్ని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూసింది. తర్వాత వంగి, పడుగు దారాల మీద చూపుడువేలు ఆనించి, ఈడ అంది. ఎల్లస్వామి ఆమె వేలు తీసేదాకా ఆగి, ఆ చోట మట్టిరంగు దారాన్ని చేత్తో చొప్పించి, ముడి వేసి, మళ్ళీ మళ్ళీ కొట్టాడు, ముడి బొడిపెలా లేచింది. అణుగుతలేదు అన్నాడు నొచ్చుకుంటూ. ఉండనీ, కండ్లు మూస్కున్నా చేతికి దొరుకుతది అంది కమల.

ఇక ప్రస్థానం ఆలోచన ఎవరిది? అతనిదే, ఇంకెవరిది, అలాంటివి అతనికే వస్తాయి. బయల్దేరడానికి మంచి గడియ ఉండి, మనిషికి కదిలే వీలు లేకపోతే, ఆ గడియలో తన బట్టో గొడుగో మూట కట్టి, పోయే దిక్కున ఉన్న ఇంకో ఇంట్లో పెడతారు, మూట కదిలిందంటే మనిషి కదిలినట్టే, ఆ తర్వాత పది రోజుల్లోగా ఎప్పుడు బయల్దేరినా ముహూర్తం చెడదు. కమల నాయనమ్మ కాశీకి పోయినప్పుడు అలాగే చేసిందట. విజయదశమి నాడు పసుపుకొమ్ము, గుప్పెడు బియ్యం, అతని ధోవతి, ఆమె చీర నడుమ పెట్టి, నీలం జంపఖానా చుట్టి, ఛత్రీ దోపి, తూర్పు దిక్కు ఇంట్లో పెట్టాలి అనుకున్నారు. తూర్పేనా? అట్లాసులో ఆ సముద్రం అటు అంచులో సగం, ఇటు అంచులో సగం ఉంది, చుక్క పడమటి అంచులో ఉంది. గంటసేపు వాదించుకున్నారు. భూమి గుండ్రం, అటు పోయినా ఇటు పోయినా అదే చుక్క అన్నాడు అతను లడ్డూ చేతిలో పట్టుకుని చూపిస్తూ, చూపించి ఆ లడ్డూ తినేశాడు, భూగోళం ఖతం అన్నాడు. చివరికి తూర్పు అనుకున్నారు, తూర్పున మొదటి ఇల్లు రాజక్కది. రాజక్క దేవుని అర్రలో పీట వేసి మూట పెట్టింది.

పది రోజులయ్యాయి. కదలలేదు. పదో రోజు సాయంత్రం రాజక్క వచ్చి, గడువు దాటితే మూటకు మంచిది కాదు, ఇంటికి తీస్కపొమ్మంటరా అంటే, ఇంటికి తేవడం అపశకునం గదా, ఇంకో ఇల్లు ముందుకు జరుపుదాం అన్నాడు రామలింగం, అక్కడి నుంచి మళ్ళీ పది రోజులు. వాడంతా పగలబడి నవ్వింది, నవ్వి, వంతులు వేసుకుంది. పదిరోజులకో ఇల్లు చొప్పున మూట తూర్పుకు నడిచింది. మూడో ఇంట్లో మొగిలమ్మ మామ దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాడు, అయిదో ఇంట్లో చంటిది దాని మీద ఉచ్చ పోసింది, సముద్రపు తడి తగిలింది అన్నాడు అతను. బజారులో కనబడ్డవాళ్ళు మీ మూట ఎక్కడిదాకా వచ్చింది అనేవాళ్ళు, ఇయ్యాల ఏడో ఇంటికాడ లంగరేసింది అనేవాడు. ఇంటికి పోయి ఆ మాట కమలకు చెప్పేవాడు. ఆమె వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెట్టి, ఇంకెన్ని ఇండ్లున్నయి అనేది. మొదట్లో గడప దాకా వచ్చి మూట పోతుంటే చూసేది. తర్వాత కిటికీలోంచి. తర్వాత మంచం మీద నుంచే, పోయిందా అనేది.

ఇది పన్నెండో ఇల్లు. ఎల్లస్వామి కొట్టం దాటితే ఇళ్ళు లేవు, పచ్చజొన్న కోసిన మోళ్ళు, ఆ పైన ఎండ.

పన్నెండు. పన్నెండు పదులు. రామలింగం మూట మీద చేతులు గట్టిగా బిగించాడు, ఎందుకంటే ఆ లెక్క వస్తోందని అతనికి తెలుసు, పొద్దుటి నుంచీ దానికి ముందూ వెనకా తిరుగుతున్నాడు, చుట్టాల దగ్గరికీ చింతపండు దగ్గరికీ లడ్డూ దగ్గరికీ పోయి వస్తున్నాడు గాని లెక్క ఇక్కడే కూర్చుని ఉంది, తన పక్కన, గోడకు ఒరిగి. నూట ఇరవై రోజులు. అంతకు ముందు, దసరాకు నెల ముందే, డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, కడుపుల గడ్డ ఉన్నది, చిన్నదే, ఈ నెలలనే హైదరాబాదు తీస్కపోండ్రి అన్నాడు. ఈ నెలలనే అన్నాడు. అతను బయటికి వచ్చి ఏమన్నాడు? ఏం లేదు, చిన్న గడ్డ, సముద్రంల దీవిని గూడ గడ్డనే అంటరు అన్నాడు. ఆపరేషన్ చెయ్యాలెనా అని ఆమె అడిగితే, ఆపరేషనంటే ఏముంది, ఆ పరేషాన్ మనకెందుకు, పండుగ పోనీ అన్నాడు. ఆమె నవ్వింది, అతను ఊపిరి పీల్చుకున్నాడు. తెల్లకోటు, కత్తి, బల్ల, ఆమె దాని మీద, తను బయట, ఈ బొమ్మ కళ్ళలోకి వచ్చినప్పుడల్లా ఒక మాట విసిరాడు దాని మీద, కుక్క మీద రాయి విసిరినట్టు, అది కొంచెం దూరం పోయి మళ్ళీ వచ్చేది. పండుగ పోయింది, దీపావళి పోయింది, చలి పోయింది, మూట నడిచింది, ఆమె నడవడం మానేసింది. పోయిన శుక్రవారం మళ్ళీ అదే డాక్టరు, ఈసారి అద్దాలు తుడుచుకోలేదు, నేరుగా మొహంలోకి చూశాడు. కోసి చూస్తరు, చూసి ఏం చెయ్యలేక మల్ల కుట్టేస్తె గూడ కుట్టేస్తరు, అప్పుడే వస్తె వేరే ఉండేది అన్నాడు. ఇంటికి వచ్చాక కమల డాక్టరు ఏమన్నడు అంటే అతను, నీకు చుక్కలు చూపిస్తనన్నడు అన్నాడు. ఆమె నవ్వలేదు.

ఎక్కడైనా పోయేది మనుషులు, ఆగేది మూటలు. తను మనిషిని ఆపి మూటను పంపాడు.

పంజా ఆగింది. ఆగిన సంగతి రామలింగానికి కాసేపటికి గాని తెలియలేదు. ఎల్లస్వామి గుంటలోంచి చేతులు ఆనించి లేచి, అంచు మీద కూర్చుని, దూది అంటిన వేళ్ళు దులుపుకుంటున్నాడు.

"సేటూ, ఒక మాట చెప్త, కోపం చెయ్యద్దు. కమల వదినెకు ఓడ లేదని తెలుసు."

"ఏ ఓడ?" అన్నాడు రామలింగం.

"ఏ ఓడంటే, ఇంగ ఎన్ని ఓడలున్నయి మన కొత్తవాడల? ఆ బొంబాయి ఉత్తరం వదినె నిర్మల టీచరమ్మతోని చదివిచ్చుకున్నది. వచ్చిన రెండో దినమే. మా ఇంటామెకు తనే చెప్పింది."

రామలింగం మూటకేసి చూశాడు. ఛత్రీ కొసకు రాసిన నూనె మీద దుమ్ము పట్టి నల్లగా ఉంది. రెండో రోజు అంటే ఛత్రీ దులిపిన రోజు. ఉత్తరం చదివించుకుని వచ్చి ఛత్రీకి నూనె రాసింది. మరి ఇళ్ళు ఎందుకు లెక్కపెట్టింది, పప్పు ఉడుకుతదా అని ఎందుకు అడిగింది, పదకొండు రోజులు ఎందుకు అడిగింది. నాతోని ఒక్క మాట అనలేదు అన్నాడు, ఆ గొంతు తనది కాదు, దుకాణంలో అప్పుడప్పుడూ సరుకు దింపే మనిషి ఎవడిదో. ఎల్లస్వామి చెప్పాడు, మా ఇంటామె గూడ అడిగింది సేటూ, ఎందుకు అనలేదమ్మా అని. "ఆయన అబద్ధం చదువుతాంటే మొకంల భయం పోయింది, పోనీ అనుకున్న, అన్నదట. నాకు గూడ కోతంటే భయమే, ఇద్దరికి మంచిగనే ఉండె అన్నదట."

ఎల్లస్వామి మళ్ళీ గుంటలోకి దిగాడు. మూడూ పన్నెండయిందో లేదో, అయ్యే ఉంటుంది, గోడ నీడ గుమ్మం దాటింది. రామలింగం మూట భుజాన వేసుకుని లేచాడు, మోకాళ్ళు పట్టేశాయి, ఎండలోకి వచ్చాడు. వెనక టక్కు మళ్ళీ మొదలైంది.

నూట ఇరవై రోజుల దారి వెనక్కి నడవడానికి ఎంతసేపు పడుతుంది. పది నిమిషాలు. తాళాలు వేసిన ఇళ్ళు, జాతరకు పోయిన ఇళ్ళు, నవ్వడానికి ఎవరూ లేరు. ఇది ఏడో ఇల్లు, లంగరేసింది ఇక్కడ, అప్పుడు ఆమె అన్నం ముద్ద మింగలేక గంజి అడిగింది. ఇది అయిదో ఇల్లు, చంటిది, అప్పటికి కిటికీ. ఇది మూడోది, మొగిలమ్మ మామ నిద్ర, అప్పుడు ఆమె గడప దాకా వచ్చి నిలబడి, కొంగు ఊపింది, నిజంగా ఊపింది, మూటకు, ఓడకు ఊపినట్టు. ఒక్కో ఇల్లు దాటుతుంటే ఒక్కో పది రోజులు ఆమె కొంచెం కొంచెం బాగవుతున్నట్టు, ఇలాగే నడిచి ఇంటికి పోతే అక్కడ దసరాకు ముందటి సాయంత్రం ఉంటుందన్నట్టు, ఆమె వెల్లకిలా పడుకుని దూలం చూస్తుంటుందన్నట్టు, అప్పుడు అట్లాసు తీయకుండా టాంగా పిలుస్తానన్నట్టు, పిచ్చి, మనిషికి ఎన్ని పిచ్చులుంటాయి, ఇది రాజక్క ఇల్లు, దేవుని అర్ర తలుపు తీసే ఉంది, ఇక లేవు ఇళ్ళు.

టాంగా ఇంటి ముందు నిలబడి ఉంది. యాకయ్య గుర్రానికి గడ్డి వేసి బీడీ కాలుస్తున్నాడు. కమల గడప మీదే ఉంది, అదే చోట, గంటన్నరగా, రాజక్క వెనక కూర్చుని ఆమె వీపుకు తన మోకాలు ఆసరా ఇచ్చింది. కమల చీర కొత్తది, మెడ దగ్గర జాకెట్టు వదులైంది. మూటను చూసింది, అతన్ని చూడలేదు. లోపలికి దారి వదలడానికన్నట్టు కొంచెం పక్కకు జరిగింది. ఆ కొంచెం జరగడానికి ఆమెకు రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

రామలింగం గడప ముందు ఆగాడు. మాటలు వచ్చాయి, రాకేం, ఎప్పుడూ వచ్చేవే, జేబులో చిల్లరలా గలగలలాడుతూ, ఖానాలూ, ఫికర్లూ, టోంగాలూ. ఒక్కటి తీస్తే చాలు, రాజక్క నవ్వుతుంది, యాకయ్య నవ్వుతాడు, ఆమె కూడా పాపం నవ్వుతుంది, పొట్ట పట్టుకుని. అతను మూటను కింద పెట్టకుండా, లోపలికి పోకుండా, ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"చుక్కకు పోతలేం కమలా. ఓడ లేదు. దసరాకే హైదరాబాద్ పొమ్మన్నడు డాక్టరు. నేనే ఆపిన. భయమై ఆపిన. ఇప్పుడు ఆలస్యమైందట. ఏమైతదో ఆయనకు గూడ తెల్వదట."

అంతే, అయిపోయింది. ఎంత చిన్నగా ఉంది, ఇంత చిన్నదాన్ని మోయడానికి వాడంతా కావలసి వచ్చింది. రాజక్క మొహం తిప్పుకుంది. కమల చెయ్యి చాచి అతని భుజం మీద మూటకు అంటిన దూది పోగును తీసి పారేసింది.

"మీరొక్కరే ఆపలే. నేను గూడ కూసున్న," అంది. రాజక్క మోకాలి మీద చెయ్యి ఆనించి, "పాండ్రి," అంది.

మూట లోపలికి పోలేదు. విప్పి, ధోవతీ చీరా ట్రంకులో పెట్టి, పసుపుకొమ్ము ఆమె కొంగున కట్టి, నీలం జంపఖానాను నాలుగు మడతలు వేసి టాంగా వెనక సీటు మీద పరిచాడు. రాజక్కా అతనూ పట్టుకుని ఎక్కించారు. ఎంత తేలికగా ఉంది, ఛత్రీ అంత. అతను ముందు ఎక్కలేదు, ఆమె పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. యాకయ్య బీడీ ఆర్పి, పగ్గాలు తీసుకుని, వెనక్కి తిరిగి, ఎప్పటిలాగే పళ్ళు బయటపెట్టి, ఏడికి సేటూ అన్నాడు, సేటు నోటి నుంచి ఏదో ఒకటి వస్తుందని ముందే నవ్వు తయారు పెట్టుకుని.

"టేషన్‌కు," అన్నాడు రామలింగం.

యాకయ్య నవ్వు అక్కడే ఆగిపోయి, మెల్లగా దిగిపోయింది. కమల మొగుడి మొహంలోకి చూసింది.

"గంతేనా?" అంది.

"గంతే."

టాంగా పడమటి దిక్కుకు తిరిగింది. ఎల్లస్వామి పంజా చప్పుడు కొంతదూరం గుర్రపు డెక్కల మధ్య మధ్య వినిపించి, తర్వాత ఏది ఏదో తెలియకుండా కలిసిపోయింది. మలుపు దగ్గర ఆమె కళ్ళు మూసుకుని, చేత్తో జంపఖానా మడతల మీద తడుముతూ, చుక్క ఏడున్నది అని అడిగింది. దాని మీదనే కూసున్నవు అన్నాడు. ఆమె కదలలేదు. కొంచెంసేపటికి చెయ్యి తన తొడ కిందికి పోనిచ్చి, నీలం మడతల్లో ఆ బొడిపె ముడిని వెతుక్కుని, దొరికాక, వేలు దాని మీద నుంచి స్టేషను వచ్చేదాకా తీయలేదు.